మండకుండా ఇచ్చిన ధ్రువపత్రం

ప్రజలకు విజ్ఞప్తి. జనన మరణ నమోదు కార్యాలయంలోని కంప్యూటర్ తెరల మీద విండోలు ఊగడం, పల్చబడటం, మూసేటప్పుడు మంటల్లో కాలిపోవడం యంత్రాల లోపం కాదనీ, అది అభివృద్ధి అనీ, కాబట్టి దరఖాస్తుదారులెవరూ కంగారుపడి తెరల మీద నీళ్లు పోయరాదనీ కార్యాలయం మెట్ల దగ్గర ఒక నోటీసు అంటించి ఉంది. నీళ్ల సంగతి మొదట నోటీసులో లేదు. ఒక పెద్దాయన సీసాడు నీళ్లూ పోసేశాక చేర్చారు.

ఈ అభివృద్ధికి మూలపురుషుడు ఒక స్త్రీ. కార్యాలయంలో అందరూ ఆమెను ఆపరేటరమ్మ అంటారు. మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు గదిలో, ఒక చెయ్యి ఊడిన కుర్చీలో కూర్చుని పదకొండేళ్లుగా పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. మాట తక్కువ, పని ఎక్కువ. అందువల్ల ఆమె అక్కడ పనిచేస్తున్నట్టు ఆఫీసరుగారికి చాలాకాలం తెలియలేదు.

ఆ మధ్య కార్యాలయంలోని ఆరు కంప్యూటర్లకూ లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేశారు. దానివల్ల ఆపరేటరమ్మకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆమె బాధ వేరు. తెర చిన్నది. వెనక ఒక విండోలో దరఖాస్తు స్కాన్ ఉంటుంది, ముందు ఇంకో విండోలో నమోదు ఫారం ఉంటుంది. పేరు చూడాలంటే ముందుదాన్ని పక్కకు జరపాలి, చూడాలి, గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ లాక్కోవాలి, అంతలో మరిచిపోవాలి. రోజుకు నాలుగొందలసార్లు ఇదే వరస. మెడ పట్టేసి, ఒక ఆదివారం భోజనాల దగ్గర మరిదితో చెప్పుకుంది. మరిదికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది.

"దానికేముంది వదినా! ముందున్న విండోని కాస్త పల్చగా చేస్తే వెనకున్నది దానంతటదే కనిపిస్తుంది. రేపొచ్చి చేసిపెడతాగా" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాడు, సెట్టింగ్స్ తెరిచాడు, డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ అన్నచోట టిక్కు పెట్టాడు. ఫారం పల్చబడింది. దాని వెనక దరఖాస్తు, పల్చటి పరదా వెనక మనిషిలా కనిపించింది. ఆపరేటరమ్మ మెడ పదకొండేళ్ల తర్వాత కుదుటపడింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ కింద ఇంకో పద్నాలుగు గడులు ఖాళీగా ఉన్నాయి, మరిదికి ఖాళీ గడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పనిలో పనిగా అన్నిటికీ టిక్కులు పెట్టేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆఫీసరుగారు దారితప్పి ఆ గదిలోకి వచ్చారు. అదే సమయానికి ఆపరేటరమ్మ ఒక విండోని పట్టుకుని పక్కకు లాగింది. అది జెల్లీలా ఊగింది. ఆఫీసరుగారు నిలువునా ఆగిపోయారు. ఆమె భయపడి విండో మూసేసింది. అది పైనుంచి కింది దాకా మంటల్లో కాలి మాయమైంది.

"ఏమ్మా, ఇది మన కంప్యూటరేనా?" అన్నారు ఆఫీసరుగారు.

"మనదే సార్. మా మరిది పొరపాటున..."

"పొరపాటు కాదమ్మా! ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఈ ఆఫీసులో ఒక వస్తువు దానంతటది కదలడం నేను చూడటం ఇదే మొదటిసారి!"

మర్నాడు సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి ఆయన నలభై నిమిషాలు ప్రసంగించారు. "మిత్రులారా! ప్రజలు మన దగ్గరికి ఎందుకొస్తున్నారు? ధ్రువపత్రాల కోసమని మనం ఇన్నాళ్లూ అపోహపడ్డాం. ప్రజలకు కావలసింది పని జరుగుతోందన్న భరోసా! కదలని తెర ఏ భరోసా ఇస్తుంది? ఊగాలి! మెరవాలి! అవసరమైతే మండాలి!" అన్నారు. హెడ్ క్లర్కుగారు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన కంప్యూటర్ అప్పటికి రెండేళ్లుగా ప్లగ్గు పెట్టకుండా ఉంది.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. ప్రతి విండో పల్చదనం డెబ్బై శాతానికి తగ్గరాదు. ఊగుడు కనీసం మూడు సెకన్లు ఉండాలి. ఎఫెక్టులు లేకుండా పనిచేస్తూ పట్టుబడిన సిబ్బందిపై శాఖాపరమైన చర్యలు తీసుకోబడును. వీటి అమలుకు ఒక కమిటీ వేశారు. ఆపరేటరమ్మకు ఎఫెక్టుల గురించి తెలుసు కాబట్టి ఆమెను కమిటీలో వేయలేదు.

కమిటీ ఊరికే కూర్చోలేదు. తెరంతా ఒక పెట్టెలా నాలుగు ముఖాలుగా గిర్రున తిరిగే ఎఫెక్ట్ ఒకటుంది. ఒక ముఖం మీద జననాలు, రెండో ముఖం మీద మరణాలు, మూడోదాని మీద సవరణలు పెట్టారు. నాలుగో ముఖం మీద ఏం పెట్టాలన్నది రెండు సమావేశాల్లో తేలక, మూడో సమావేశంలో ఆఫీసరుగారి ఫోటో పెట్టారు. అప్పట్నుంచి పుట్టుకకీ చావుకీ మధ్య ఎటు తిరిగినా ఆయన నవ్వుతూ ఎదురొచ్చేవారు. మరణ ధ్రువపత్రం విండో భగ్గుమని కాలిపోవడం చూసి కొందరు బంధువులు నొచ్చుకున్నారని తెలిసి, ఇకపై మరణాలు మెల్లగా కరిగిపోవాలనీ, జననాలు మాత్రమే మండాలనీ తీర్మానించారు. తెర మీద మంచు కురిసే ఎఫెక్ట్ పెట్టిన రోజు హెడ్ క్లర్కుగారు శాలువా కప్పుకుని వచ్చారు.

జనం రాకడ పెరిగింది. పనిలేనివాళ్లు కూడా వచ్చి వరండాలో నిలబడి చూడసాగారు. వాళ్లకోసం బెంచీలు వేయించారు. పాత కంప్యూటర్లు పాపం ఎంతని మోస్తాయి? ఒక విండో తెరుచుకోవడానికి రెండు నిమిషాలు, ఊగడం ఆగడానికి ఇంకో నిమిషం, కాలి బూడిదవడానికి మరికాస్త. వాటిలోని ఫ్యాన్లు పిండిమరలా రొద పెట్టేవి. ఇదివరకు నాలుగు నిమిషాల్లో అయ్యే ధ్రువపత్రానికి నాలుగు రోజులు పట్టసాగింది. విశేషమేమంటే, నాలుగు నిమిషాల రోజుల్లో నిండిపోతూ ఉండే ఫిర్యాదుల పుస్తకం ఇప్పుడు రెండు నెలలుగా తెల్లగా ఉంది. ఆఫీసరుగారు దాన్ని వచ్చినవాళ్లకల్లా తెరిచి చూపించేవారు.

ఇంతలో ఒక దర్జీ వచ్చాడు. కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చాలి. బడివాళ్లు జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. వచ్చే నెల రెండో శుక్రవారం సాయంత్రం ఐదింటితో ప్రవేశాలు ఆఖరు. ఆ గడువు దాటితే పిల్ల ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోవాలి. అప్పటికి నెలరోజుల టైముంది కాబట్టి దర్జీ ధీమాగానే దరఖాస్తు ఇచ్చాడు.

మొదటి ధ్రువపత్రం తీసుకువెళ్లిన మర్నాడే తిరిగొచ్చాడు.

"అమ్మా, మా పిల్లకి ఇంకా పాలపళ్లు కూడా ఊడలేదు. అప్పుడే ఎనభై ఒక్క ఏళ్లేశారు" అన్నాడు నెమ్మదిగా. "బడివాళ్లు ఏడేళ్లు దాటితే తీసుకోరట."

ఆపరేటరమ్మ చూసింది. నిజమే. డెబ్బై శాతం పల్చదనం కదా, ఫారం వెనక దరఖాస్తు, దరఖాస్తు వెనక మరణాల జాబితా, అన్నీ ఒకదాంట్లోంచి ఒకటి కనిపిస్తున్నాయి. పిల్ల పేరు రెండో విండోలోని దరఖాస్తులోంచి, పుట్టిన తేదీ మూడో విండోలోని ఒక ముసలావిడ దగ్గర్నుంచి తీసి కొట్టేసింది. పదకొండేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క అక్షరం తప్పు పోలేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

సవరణ దరఖాస్తు పెట్టించింది. రెండో ధ్రువపత్రంలో తేదీ సరిగ్గానే వచ్చింది గానీ, తండ్రి పేరు వెనకున్న మరణాల జాబితాలోంచి వచ్చింది. ఆ తండ్రి పోయి ఆరేళ్లయింది. "అంటే నేను లేనట్టా అమ్మా?" అని దర్జీ తన చొక్కా తడుముకున్నాడు. మూడోదాంట్లో అన్నీ సరిపోయాయి, పిల్ల మాత్రం మగపిల్లాడైపోయింది. ఆఫీసరుగారి దగ్గరికెళ్లి పల్చదనం కాస్త తగ్గించనివ్వమని ఆమె అడిగింది. "వెనక్కి నడవమంటావా అమ్మా?" అని ఆయన బాధపడ్డారు.

చూస్తుండగానే ఆ శుక్రవారం రానే వచ్చింది. దర్జీ పొద్దున్నే వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఈసారి పిల్లని కూడా వెంటబెట్టుకొచ్చాడు. కొత్త సంచీ భుజానికి తగిలించుకుని, కొత్త యూనిఫాం వేసుకుని ఉంది. తండ్రే కుట్టాడు, పెరిగే పిల్ల కదా అని మడతలు ఎక్కువ పెట్టి. ఆ పిల్ల తెర వైపు చూడలేదు. ఆపరేటరమ్మ వైపే చూస్తోంది.

ఆఫీసరుగారు పక్క ఊరి కార్యాలయంలో ఊగుడు మీద ప్రసంగించడానికి వెళ్లారు. హెడ్ క్లర్కుగారు భోజనం చేసి కళ్లు మూసుకున్నారు. పన్నెండున్నరకి ఆపరేటరమ్మ అటూ ఇటూ చూసి, సెట్టింగ్స్ తెరిచి, డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ దగ్గర టిక్కు తీసేసింది.

గదిలో ఫ్యాను రొద ఆగిపోయింది. తెర తెల్లగా, చదునుగా, మూడు నెలల కిందటిలా నిలబడింది. ఆమె పిల్ల పేరు కొట్టింది, తేదీ కొట్టింది, తండ్రి పేరు దర్జీ చేతే పైకి చదివించి మరీ కొట్టింది. ప్రింటర్ కాయితాన్ని బయటకు తోసింది. నాలుగు నిమిషాలు. సీలు వేసి చేతికిచ్చింది. దర్జీ కాయితం అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో అడగబోయి, మానేసి, పిల్లని తీసుకుని వెళ్లాడు. ఆ ఊపు మీద ఆమె పేరుకుపోయిన దరఖాస్తులు ఒక్కొక్కటే తీసి, మూడున్నరకల్లా నలభై ధ్రువపత్రాలు ఇచ్చేసింది.

నాలుగింటికి వరండాలో గోల మొదలైంది. ధ్రువపత్రాలు తీసుకున్నవాళ్లందరూ వెనక్కి వచ్చారు. అందరికంటే ముందు దర్జీ ఉన్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఇది అసలుదేనా?"

"ఎందుకా అనుమానం? పేర్లన్నీ సరిగ్గా లేవా?"

"అదేనమ్మా భయం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బడి పెద్దమేడమ్‌గారు కూడా అదే అన్నారు, ఒక్క తప్పూ లేకుండా ఇంత శుభ్రంగా ఉందంటే ఎక్కడ చేయించావయ్యా అని. నాలుగు నిమిషాల్లో ఇచ్చారంటే నమ్మట్లేదు. నాకూ ఏదో వెలితిగానే ఉంది. ఏమీ ఊగలేదు. మండలేదు."

"మా పక్కింటివాళ్లది కాలింది. మాదెందుకు కాలలేదు?" అని వెనకనుంచి ఒకావిడ నిలదీసింది. ఒకాయన ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, మూడు నెలల తెల్లదనాన్ని భగ్నం చేస్తూ రాశాడు: "ఈ రోజు మధ్యాహ్నం నుంచి కార్యాలయంలో ఏ పనీ జరగలేదు." ఆయన జేబులో ఆ మధ్యాహ్నమే ఇచ్చిన మూడు ధ్రువపత్రాలు ఉన్నాయి.

హెడ్ క్లర్కుగారు లేచారు. తెర చూసి గుండె మీద చెయ్యి వేసుకుని ఆఫీసరుగారికి ఫోను చేశారు. "సార్, మనది ఆగిపోయింది సార్" అన్నారు.

నాలుగుంపావు. ఆపరేటరమ్మ గోడ గడియారం వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ టిక్కు పెట్టింది. ఫ్యాను రొద మొదలైంది. దర్జీ కూతురి ధ్రువపత్రం విండో తెరిచింది, పట్టుకుని నాలుగువైపులా లాగింది, గదంతా ఊగినట్టు ఊపింది, ఆఫీసరుగారి ఫోటో మీదుగా రెండు చుట్లు తిప్పింది, చివరికి మూసింది. విండో భగ్గున మండింది. వరండాలో చప్పట్లు మారుమోగాయి. ఆమె దర్జీ చేతిలోని ఆ కాయితాన్నే తీసుకుని, ఒకసారి ప్రింటర్ మీద పెట్టి తీసి, తిరిగి అతని చేతికే ఇచ్చింది.

"ఇదమ్మా ధ్రువపత్రమంటే!" అన్నాడు దర్జీ. పిల్లని చంకనెత్తుకుని పరుగెత్తాడు. ఐదుకు పది నిమిషాలుండగా బడి గేటు దాటాడు. విండో మండిందని చెప్పగానే బడివాళ్లు పిల్లని ఒకటో తరగతిలో చేర్చుకున్నారు.

ఆ పిల్ల ఇప్పుడు మూడో తరగతి. ఆపరేటరమ్మకు మెమో వచ్చింది, ఆఫీసరుగారికి ఉత్తమ సేవా పతకం వచ్చింది, ఎవరికి రావలసింది వారికి వచ్చింది. ఆమె రోజూ పొద్దున్న ఎనిమిదింటికే వచ్చి, టిక్కు తీసేసి, పదింటిలోపు పనంతా ముగించేస్తుంది. పదింటికి టిక్కు పెట్టి, ఐదింటి దాకా అయిపోయిన ధ్రువపత్రాలనే ఒక్కొక్కటిగా ఊపి, తిప్పి, కాల్చి, బెంచీల మీదున్నవాళ్లకు అందిస్తుంది. తప్పులు లేవు, ఫిర్యాదులు లేవు. ఈ రహస్యం ఆమెకీ మరిదికీ తప్ప ఎవరికీ తెలియదు. మీకు తెలిసింది కాబట్టి మీరూ బయటపెట్టకండి.

నిజానికి ఈ కథంతా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: టిక్కు తీసేస్తే పని జరిగింది. అంతే. కానీ అలా నాలుగు ముక్కల్లో చెప్పేస్తే ఇది అసలు కథేనా అని మీరే తిప్పి తిప్పి చూసేవారు. అందుకే ఇంతసేపు ఊపాల్సొచ్చింది.