పచ్చబడ్డ గోధుమలు

ఆ పొద్దున కున్‌షెంగ్ అనుకున్న పని చాలా చిన్నది. తన దుకాణంలో ఆవిరి బన్నుల బుట్టలు పొయ్యి మీదికి ఎక్కించాలి, అవి ఉడికేలోగా ఫోన్లో గోధుమల ధర ఒకసారి చూసుకోవాలి, తర్వాత వేడి వేడి సోయా పాలు తాగుతూ కాసేపు కూర్చోవాలి. బుట్టలు ఎక్కించడం వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

ఫోను తెరిచాడు. తెరంతా పచ్చగా ఉంది.

తైనాన్ ఊళ్లోని ఆ సందులో ఏ పిల్లను నిద్రలేపి అడిగినా చెబుతుంది, షేర్ల ధర పెరిగితే ఎరుపు, పడితే ఆకుపచ్చ అని. పోనీ కాస్త పచ్చా అంటే, కాదు. పైనుంచి కింద దాకా ఎక్కడా ఎర్రచుక్క లేదు. ఇక కున్‌షెంగ్‌కు కింద అంకెలు చదివే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? ఫోను బోర్లా పెట్టి, దాని మీద పిండి పళ్లెం మూత వేశాడు.

పోయింది తన డబ్బయితే ఏడ్చి ఊరుకునేవాడు. అది సందు జనమంతా పోగుచేసి ఇచ్చిన డబ్బు, ఇంకా చెప్పాలంటే భూమితాత డబ్బు. సందు చివరి చిన్న గుడిలో గడ్డం నిమురుకుంటూ కూర్చునే ఆ దేవుడి పుట్టినరోజు పండగ ఎవరు చేయాలో ఏటా ఆయనే తేలుస్తాడు. నెలవంక ఆకారంలో ఉండే రెండు చెక్కలు నేల మీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే తాత ఔనన్నట్టు. ఈ ఏడు అందరికంటే ఎక్కువసార్లు ఔననిపించుకుని కున్‌షెంగ్ పండగ పెద్ద అయ్యాడు. పండగ పెద్దకు ముఖ్యమైన పని గోధుమపిండితో ఎర్రటి తాబేళ్లు చేసి, ఆవిరి మీద ఉడికించి, ఇంటికొకటి పంచడం. తాబేలు అందని ఇంటికి ఆ ఏడాదంతా కలిసిరాదు.

పిండి ధర చూస్తే రోజురోజుకూ పైకి ఎగబాకుతోంది. అప్పుడొచ్చాడు బావమరిది జీవెన్. వృత్తి బీమా పాలసీలు అమ్మడం, ప్రవృత్తి సలహాలివ్వడం.

"పిండి ఇప్పుడే కొంటే పండగనాటికి పురుగు పడుతుంది బావా. డబ్బు ఊరికే ఉంచావా, సగం తాబేళ్లే వస్తాయి. గోధుమల ఈటీఎఫ్ కొనేయ్."

"కొని ఎక్కడ పెట్టుకోమంటావ్? మీ అక్క నెత్తినా?"

"ఎక్కడా పెట్టక్కర్లేదయ్యా! అమెరికా మార్కెట్లో షేరు కొన్నట్టు ఫోన్లోనే కొనడం. అక్కడ గోధుమల ధర పెరిగితే ఇదీ పెరుగుతుంది. రేపు పిండి ఎంత పెరిగినా నీకు దిగుల్లేదు."

"పడితేనో?"

"పడితే పిండీ చవకవుతుంది కదా! నువ్వు అనవసరంగా భయపడతావు బావా."

తాతను అడిగితే చెక్కలు ఔనన్నాయి. జీవెన్ అమెరికావాళ్ల యాప్ ఒకటి ఫోన్లో పెట్టి, కొనిపించి, వెళ్లిపోయాడు. ఈ సంగతి కున్‌షెంగ్ భార్య ష్యూచిన్‌కు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం కూడా భయమే.

ఇప్పుడు ఫోను పచ్చబడింది. అది చాలదన్నట్టు పిండి వ్యాపారి ఫోను చేసి బస్తా ధర మళ్లీ పెరిగిందన్నాడు. అక్కడ గోధుమలు పడిపోతుంటే ఇక్కడ పిండి పెరగడమేమిటని ఆలోచించే స్థితిలో కున్‌షెంగ్ లేడు. తాతకు కోపమొచ్చిందనీ, రెండువైపుల నుంచీ వాయిస్తున్నాడనీ అతనికి అర్థమైపోయింది.

మర్నాడూ పచ్చే. ఆ మర్నాడు ఇంకా చిక్కటి పచ్చ. కున్‌షెంగ్‌కు అన్నం సహించడం మానేసింది. ష్యూచిన్ దగ్గరికి వస్తే చాలు, ఫోను చటుక్కున జేబులో దోపేవాడు. అమ్మేద్దామంటే ఆ పచ్చ దాటి కింద అంకెల దాకా వెళ్లాలి, అంత ధైర్యం లేదు. చివరికి గుడికి పరుగెత్తి, తాత ముందు మోకాళ్ల మీద పడి చెక్కలు వేశాడు. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే తాత నవ్వుతున్నాడని. మళ్లీ వేశాడు. మళ్లీ నవ్వాడు. దాంతో కున్‌షెంగ్ బావురుమన్నాడు.

గుడి పక్కనే మూలికల టీ అమ్మే త్సాయ్ పిన్ని పరుగున వచ్చింది.

"ఏమైంది నాయనా? మొహం అట్లా పీక్కుపోయిందేంటి?"

"పిన్నీ, నాకేమన్నా అయితే ష్యూచిన్‌ను కనిపెట్టుకుని ఉండు."

సంగతి బయటపడితే సందువాళ్లు తనను బతకనివ్వరని అతని ఉద్దేశం. త్సాయ్ పిన్ని ఇంకేమీ అడగలేదు. ఓ గ్లాసుడు చేదు కషాయం తాగించి ఇంటికి పంపింది. అతను గుమ్మం ఎక్కేలోగా ఆ కబురు సందులో సగం ఇళ్లు దాటింది. ఒక ఇంట్లో కడుపులో పుండైంది, పక్కింట్లో కాలేయమైంది, సందు మొదటికి వెళ్లేసరికి డాక్టర్లు పెదవి విరిచారు.

ష్యూచిన్‌కూ ఆ కబురు చేరింది. భర్త తిండి మానెయ్యడం, ఫోను దాచెయ్యడం, నిద్రలో ఉలిక్కిపడటం అన్నీ ఒక్కటొక్కటిగా కళ్లముందు మెదిలాయి. ఆసుపత్రి కబుర్లు తనకు కనబడకుండా దాస్తున్నాడన్నమాట! కళ్లు తుడుచుకుని, నువ్వులనూనెలో అల్లంతో కోడి వండి ముందు పెట్టింది.

"తిను. నాకన్నీ తెలుసు."

కున్‌షెంగ్ చేతిలోని చాప్‌స్టిక్‌లు జారిపోయాయి. "తెలుసా? ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం? నాతో ఒక్కమాట అనాలనిపించలేదా నీకు?"

"నువ్వు తట్టుకోలేవని…"

"పిచ్చివాడా! ఇద్దరం కలిసి పడదాం ఎంత కష్టమైనా," అని ఆమె ఏడ్చింది. పెళ్లయినప్పటి నుంచీ తన చెయ్యి కాలినా కసురుకునే మనిషి ఇంత మెత్తగా మాట్లాడేసరికి కున్‌షెంగ్‌కు ఈ కోడే తన ఆఖరి భోజనమేమో అనిపించింది.

సాయంత్రం గుడి సంఘం పెద్ద లియావ్ తాత ముందు నడవగా సందు సందంతా దుకాణంలోకి వచ్చింది. చందా పోగుచేసి, ఎర్ర కవర్లలో పెట్టి, వైద్యానికి ఇచ్చిపోదామని వచ్చారు. జీవెన్ కూడా వచ్చాడు గానీ, జబ్బు దాచి బావ తన దగ్గర పాలసీ తీసుకున్నాడని బీమా కంపెనీ పైవాళ్లు తనను పట్టుకుంటారేమోనని అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

కున్‌షెంగ్‌కు కవర్లు కనబడలేదు, జనమే కనబడ్డారు. లియావ్ తాత గొంతు సవరించుకునేలోపే పిండి బల్ల వెనకనుంచి వచ్చి నేలమీద పడ్డాడు.

"కొట్టండి! చంపెయ్యండి! తాబేళ్ల డబ్బంతా గోధుమల్లో పెట్టాను. అంతా పచ్చబడిపోయింది!"

అందరూ చేతుల్లోని ఎర్ర కవర్లు చూసుకున్నారు.

"అయితే జబ్బు?" అంది త్సాయ్ పిన్ని.

"జబ్బా? నాకా?"

ష్యూచిన్ ఏడుపు ఠక్కున ఆగింది. ఆమె పిండి వత్తే కర్ర కోసం చూస్తోందని గమనించి జీవెన్ గబగబా బావ జేబులోంచి ఫోను లాక్కున్నాడు. చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి బావా! ఇది అమెరికావాళ్ల యాప్. వాళ్లకు పచ్చంటే పెరగడం! ఎరుపైతే పడటం! పక్కన కూడిక గుర్తు కనబళ్లేదా నీకు?"

"అంకెల దాకా వెళ్తే కదరా!"

"పిండి ధర ఎంత పెరిగిందో దానికి రెండింతలు పెరిగింది బావా ఇది!"

కున్‌షెంగ్‌కు ఆనందం రాలేదు. "అయితే ఇప్పుడే అమ్మెయ్యి. రేపే పిండి తెచ్చేస్తా. నాకీ బతుకు వద్దు," అన్నాడు జీవెన్ చెయ్యి పట్టుకుని.

"ఆగు," అన్నాడు లియావ్ తాత. ఇందాకటి జాలి ఆయన మొహంలో లేదు. "భూమితాత సొమ్ము పెరుగుతుంటే ఆపడానికి నువ్వెవరు?"

"నా కవరు కూడా అందులోనే వెయ్యి నాయనా," అంది త్సాయ్ పిన్ని. "నీకెలాగూ జబ్బు లేదుగా."

కవర్లన్నీ పిండి బల్లమీద కుప్ప పడ్డాయి. కున్‌షెంగ్ వద్దు వద్దని దండం పెట్టాడు. లియావ్ తాత గుడికి తీసుకెళ్లి చెక్కలు వేయించాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. తాత ఔనన్నాక కాదనేవాడు ఆ సందులో పుట్టలేదు. జీవెన్ అక్కడే కూర్చుని, అంతా కొనేలా యాప్‌లో పెట్టేసి, పొద్దున్నే వేరే ఊళ్లో పాలసీ పని ఉందని బస్సెక్కాడు.

తెల్లవారింది. ఆవిరి బుట్టలు పొయ్యి ఎక్కకముందే సందంతా దుకాణం ముందు చేరింది. అందరికీ కనబడాలని లియావ్ తాత ఫోనును సోయా పాల సీసాకు ఆనించి నిలబెట్టి, తానే తెరిచాడు.

తెరంతా ఎర్రగా ఉంది, పండగ తాబేళ్లకంటే ఎర్రగా.

జీవితమంతా ఎరుపు చూసి సంతోషించిన జనం. నిన్న జీవెన్ చెప్పిన మాట ఒక్క రాత్రిలో ఎవరికి గుర్తుంటుంది? సందు దద్దరిల్లేలా కేకలు వేశారు. ఎవరో టపాకాయల దండ అంటించారు. త్సాయ్ పిన్ని లియావ్ తాతను కావలించుకుంది. ష్యూచిన్, ఇన్నేళ్లలో మొదటిసారి, నలుగురిలో మొగుడి బుగ్గ గిల్లింది.

కున్‌షెంగ్ ఈసారి అంకెల దాకా వెళ్లాడు. ముందున్న తీసివేత గుర్తు చూశాడు, జనాన్ని చూశాడు, గుడివైపు చూశాడు. చెబుదామని నోరు తెరిచాడు గానీ, టపాకాయల మోతలో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

"చూశావా, అనవసరంగా భయపడ్డావు!" అంటూ లియావ్ తాత అతని భుజం చరిచి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

కున్‌షెంగ్‌కు ఈసారి నిజంగానే జబ్బు చేసింది, జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.