అంగుళం తక్కువ టేపు

ఆ ఇంటి ముందు గదిలో ఆ ఉదయం చేయాల్సిన పని చాలా తేలిక. ఊలు అల్లేవాళ్ళు తమ పొడవాటి సూదులు దాచుకునే గుడ్డ సంచులు నలభై, పూలవీ చారలవీ చుక్కలవీ, కుట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇస్త్రీ చేసి, మడత పెట్టి, పదకొండింటికి వచ్చే షాపావిడకు అప్పగించాలి. అంతే.

ఆ అంతే మీదే ఇంటి కోడలి వ్యాపారం వేలాడుతోంది. ఇది ఆమెకు మొదటి పెద్ద ఆర్డరు. నిలబడితే కుట్టుమిషను ముందు గదిలోనే ఉంటుంది. లేకపోతే గది అద్దెకు పోతుంది. అత్తగారు అప్పుడే ఒకతనితో మాట్లాడి పెట్టింది. మూడింటికి వచ్చి గది చూసుకుంటానన్నాడు.

కోడలు మొదటి సంచికి ఇస్త్రీ చేసి, అలవాటుగా టేపు పెట్టి చూసింది. ఆ టేపుకు మొదటి అంగుళం లేదు. ఏనాడో ఇస్త్రీపెట్టె కింద కాలిపోయింది. ఆర్డరు ప్రకారం సంచి పదిహేను అంగుళాలుండాలి. దాని మీద ఈ టేపు పెడితే పదహారు చూపిస్తుంది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇప్పుడది పద్దెనిమిది చూపించింది.

రెండో సంచి తీసింది. పద్దెనిమిదే.

"అత్తయ్యా, కత్తిరింపు అట్ట మీద ఎంత పెట్టి గీశారు?"

"చీటీలో పదహారు రాశావుగా. మన టేపు సంగతి నాకు తెలీదూ? ఒకటి కలిపి పదిహేడు పెట్టాను."

"అయ్యో, నేను కలిపే రాశానండీ!"

"కలిపానని ఒక ముక్క చెప్పొద్దూ?"

ఇద్దరూ ఒకేసారి మూలనున్న కోడలి భర్తగారి వైపు తిరిగారు. అట్ట పెట్టి గుడ్డ కత్తిరించింది అతనే. అతను కత్తెరను మెల్లగా కింద పెట్టాడు.

"మీరిద్దరూ మర్చిపోయుంటారని నేనూ ఓ అంగుళం వదిలా."

మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందంటారు. ఇక్కడ సంచి పొడుగైంది.

గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. కోడలు ఏడవలేదు. ఏడుపుకు టైము లేదు.

"ఏవండీ, సంచి అడుగు నుంచి పైకి రెండంగుళాలకి గీత పెట్టండి. ఏమీ కలపొద్దు. బుర్ర వాడొద్దు."

"నేనెప్పుడు వాడాను?"

"మొన్న వాడారు."

అతను గీశాడు. ఆమె గీత మీద కుట్టింది. అత్తగారు కుట్టు కిందనున్న అడుగుముక్కను కత్తిరించింది. ఇరవై రెండో సంచి దగ్గర మిషను సూది టప్పున విరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. వేరే సూది వెతికి, బిగించి, దారం ఎక్కించేసరికి పావుగంట పోయింది. భర్త నుదుటి చెమట ఒక సంచి మీద పడింది. అత్తగారు గుడ్లురిమితే మొహం పక్కకు తిప్పుకుని గీశాడు. ఆవిడ మటుకు ఆ హడావుడిలోనూ అడుగుముక్కలన్నీ ఏరి పాత దిండుగలీబులో కుక్కుతోంది.

"ఆ తుక్కెందుకమ్మా ఇప్పుడు?"

"గుడ్డ ఎప్పుడూ తుక్కు కాదురా. నీలాంటి వాళ్ళు కత్తిరిస్తేనే అవుతుంది."

నలభయ్యో సంచి దారం తెంపుతుండగా గేటు చప్పుడైంది.

షాపావిడ సరుకు వెనక్కి పంపడంలో పేరుపడ్డ మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచిలోంచి జత సూదులు తీసి మొదటి గుడ్డసంచిలోకి దించింది. సూదులు అంగుళం బయటికొచ్చి నిలబడ్డాయి.

"పొట్టిగా కుట్టారేంటమ్మా?"

"పదిహేనన్నారు కదండీ!" అంది కోడలు.

"అన్నాను. మా షాపులో ఉన్న సంచి కొలిచే చెప్పాను. మా టేపుకి మొదటి రెండంగుళాలు లేవు. కొలిచి, రెండు తీసేసి..." ఆవిడ ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పోయిన నెల కొత్త టేపు కొన్నాను కదూ."



"పొద్దున్న పదిహేడే ఉన్నాయి," అని అత్తగారు గోడతో చెప్పింది.

"తప్పు నాదే అనుకో. అయినా పొట్టి సంచులు నేనేం చేసుకోను? మూడింటికి మళ్ళీ వస్తా. ఉంటే పట్టుకెళ్తా, లేకపోతే లేదు."

ఆవిడ గేటు దాటకముందే దిండుగలీబు నేల మీద గుమ్మరించారు. నలభై అడుగుముక్కలు, ఏది ఏ సంచిదో చెప్పలేనంతగా కలిసిపోయాయి. జత వెతికే వ్యవధి లేదు. సంచుల అడుగు కుట్టు విప్పి, చేతికందింది అందినట్టు అతికించారు. పూల సంచికి చారల అడుగు, చారల సంచికి చుక్కల అడుగు. అన్నం మాట ఎవరూ ఎత్తలేదు.

మూడింటికి షాపావిడ ముందు, అద్దెకొచ్చినతను వెనక, ఒకే గేటులోంచి వచ్చారు. ఆవిడ సూదులు దించింది. కుట్టులో కొంత పోయినా సూదులు పూర్తిగా లోపలికి దిగాయి. కానీ ఆవిడ సంచిని తిరగేసి అడుగు చూసింది. ఇంకోటి చూసింది. చాలాసేపు చూసింది. కోడలు మిషను చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"అడుక్కి వేరే రంగు వేయడం ఎవరి ఆలోచన?"

భార్యాభర్తలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నాదే," అంది అత్తగారు.

"బావుంది. ఇలాంటివే ఇంకో వంద కావాలి."

అత్తగారు గుమ్మం వైపు తిరిగింది. "గది ఖాళీ లేదు బాబూ. ఎవరు చెప్పారు నీకు?"

షాపావిడ వెళ్తూ వెళ్తూ తన కొత్త టేపును మిషను మీద పెట్టిపోయింది. "దీంతో కొలవండి. ఇక పొరపాటు రాదు."

ఇంట్లో అందరి లెక్కలూ తారుమారవుతాయని, సాయంత్రం అత్తగారు దాని మొదటి అంగుళం కత్తిరించేసింది.