కేకుగజ తుండ సంగ్రామము

ప్రచండ మార్తాండుడు నడినెత్తిన నిలిచి మేడల మీది నీళ్ల ట్యాంకులను మరిగించుచున్న ఒకానొక ఆదివారమున, మూడవ అంతస్తులో, ఇద్దరు నిలుచుటకే ఇరుకైన వంటగది యను కదనరంగమున, సిటీబస్సు సారథియు, మలుపుల మర్దనుడును, హారన్‌ఘోష భీషణుడును అగు ఒక తండ్రి, భార్య ఏప్రాన్‌ను కవచముగా ధరించి, కూరల చాకును కరవాలముగా గొని, కేకుతో ఏనుగును చెక్క నిలిచెను.

కారణము వినుడు. కూతురి పుట్టినరోజు వచ్చినప్పుడెల్ల ఆయనకు డ్యూటీయే. ఈసారి సెలవు దొరికెను. ఆ సంబరమున ఆ బాలిక బడిలో అందరి ఎదుట, "మా నాన్న తొండం ఎత్తిన ఏనుగు కేకు చేస్తాడు, వచ్చి చూడండి" అని చాటి వచ్చెను. నాన్నను అడుగుట మాత్రము మరచెను.

దిమ్మెలు పేర్చి దేహము నిలిపెను, బిస్కెట్లతో చెవులు గుచ్చెను. అంతవరకు విజయమే. ఇక తొండము. కేకు ముక్కలను పుల్లకు గుచ్చి నిలుపగా, అది వజ్రాయుధము తగిలిన పర్వతమువలె విరిగి సింకులో పడెను. మరల నిలిపెను, మరల పడెను. ఫ్యాను వేసిన, చక్కెరపొడి రణధూళియై లేచి ఆయన మీసములను తెల్లబరచును. ఫ్యాను ఆపిన, క్రీము కరిగి చెవులు భుజములకు జారును.

అత్తగారు గుమ్మమున తొంగి చూచి, "అల్లుడుగారూ, బేకరీ పక్కవీధిలోనే ఉందండీ" అనెను.

ఆ వీరుడు చాకెత్తి గర్జించెను: "అత్తగారూ! గుంతల సహస్రములను గెలిచిన ఈ బాహువులు జానెడు తొండమునకు తలవంచునా? బేకరీవాని గజము బేకరీవానిదే. నా కూతురు చాటినది నా గజమును."

"సరే బాబూ, మీ ఇష్టం. ఆ సింకులో పడ్డ ముక్క నేను తీసుకోనా మరి?"

అంతలో కాలింగ్‌బెల్లు మ్రోగెను. హాలులో పసిసైన్యపు కోలాహలము చెలరేగెను. బుడగలూది అలసిన భార్య వంటింట అడుగిడగా, ఆ భీషణుని గొంతు పీలగా వెడలెను.

"తొండం దించేద్దామా? నీళ్లు తాగుతోందని చెబుదాం."

"ఎత్తిన తొండమని చెప్పిందండీ అది. దించితే రేపు బళ్లో దాన్నే కోతలరాణి అంటారు."

ఇట్లని ఆ సాధ్వి పండ్లబుట్ట వైపు చూచెను. "అరటిపండు ఎలాగూ వంకరే కదా. ఒలిచి గుచ్చండి."

ఆయన ఒలిచెను, గుచ్చెను, బూడిదరంగు క్రీము మెత్తెను. తొండము లేచెను. దంపతులు ఊపిరి బిగబట్టి, శవవాహకులకన్న మెల్లగా నడిచి, దానిని బల్లపైకి చేర్చిరి.

పసిసైన్యము బల్లచుట్టు మూగెను. ఒక పసివాడు తల వంచి చూచి, "పందా?" అనెను.

కూతురి ముఖము ఎఱ్ఱబడెను. "తొండం కనపడట్లేదా? మా నాన్నే చేశాడు."

మిగిలిన పిల్లలందరును వంగి చూచి, తొండమేనని తలలూపిరి.

కావున జనులారా, వినుడు. ఆనాటి అతిథులలో ఒక్కడు తప్ప అందరును దానిని ఏనుగనిరి. కొవ్వొత్తి ఆరునంతవరకు ఆ తుండము వాలలేదు. ఆరిన మరుక్షణము వాలెను గాని, నేలపాలు గాలేదు; ముందుకు వంగియున్న కూతురు దానిని నోటితోనే అందుకొనెను. బస్సు సారథి జయించెను.