నీలం రిబ్బన్

ఇకమీదట టల్లీ కౌంటీలో ఎవరూ అత్యవసరంగా చనిపోనక్కర్లేదని కమిషనర్ మెర్ల్ హాబ్స్ ప్రకటించారు. 911కి ఫోన్ చేస్తే చాలన్నారు. అందుకోసం ప్రతి ఫోను బిల్లు మీద నెలకో డాలరు సర్‌చార్జీ వేశారు. సభ చప్పట్లు కొట్టింది.

వెర్నా స్టకీ కొట్టలేదు. ఆమె భర్త ఓరిన్‌ది బలహీనమైన గుండె. మొన్న చలికాలంలో ఫోను చేస్తే, కొండకు ఏ పక్క ఇల్లో తేల్చుకోవడానికే ఆపరేటరుకు చాలాసేపు పట్టింది.

"మెర్ల్ బాబూ, ఎవరెక్కడ నుంచి పిలుస్తున్నారో చూపించే మిషను కొంటారా మరి?"

"కొంటాం పిన్నీ. ముందు జనానికి అవగాహన రావద్దూ?"

అవగాహన జులై నాలుగు స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపులో వచ్చింది. రెండంతస్తుల ఎత్తు ఎర్ర ఫోను శకటం. పైన మైకు ముందు కౌంటీ ఆపరేటర్లిద్దరూ కొత్త యూనిఫారాల్లో కూర్చుని పిల్లలకు మిఠాయిలు విసురుతున్నారు. ఆ రోజుకు 911 కాల్స్ కూడా శకటం మీదికే మళ్లించారు. కమిషనర్ ఏ పనీ సగంలో వదలరు.

శకటం ఎదుటికి వచ్చేసరికి ఓరిన్ మడత కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. వెర్నా ఫోను చేసింది. పెద్ద ఫోను గణగణ మోగింది. వీధంతా చప్పట్లు.

"911. మీ అత్యవసరం ఏమిటి?" మైకులో ఆపరేటరు డార్లీన్ గొంతు.

"నేనేనే, నీ ఎదురుగానే! మీ బాబాయికి గుండె నొప్పి!"

"అడ్రస్ చెప్పు పిన్నీ."

"నువ్వు విసిరిన చాక్లెట్ నా నెత్తిన పడిందే! ఇంకేం అడ్రస్? అంబులెన్స్ పంపు!"

డార్లీన్ ముందుకు తొంగి చూసింది. "ఖాళీ లేదు పిన్నీ. ఈ శకటాన్ని లాగుతున్నది అదేగా."

పక్కింటి లొవెల్ ఓరిన్‌ను తన పికప్ ట్రక్కులో గడ్డిమోపుల మీద పడుకోబెట్టాడు. ఆసుపత్రికి ఆ వీధి తప్ప దారి లేదు, శకటాన్ని దాటే వీలూ లేదు. హారన్ కొడుతూ దాని వెనకే నడిపాడు. గడ్డి మీద మొగుడి తల ఒళ్లో పెట్టుకుని వెర్నా "దారివ్వండి!" అని గొంతు చించుకుంది. జనం లేచి నిలబడి జెండాలు ఊపారు.

"ముసలాయన ఎంత సహజంగా చేస్తున్నాడో చూడు!"

"ఆ ముఖానికి రంగెవరు వేశారే?"

మర్నాడు ఓరిన్ కళ్లు తెరిచేసరికి మంచం పక్కన కమిషనర్ నిలబడి ఉన్నారు. చేతిలో నీలం రిబ్బన్: ఊరేగింపులో మొదటి బహుమతి.

"జడ్జీలు ఏకగ్రీవంగా ఇచ్చారు బాబాయ్. మా ఫోనుకు రెండోదే వచ్చింది," అంటూ ఆయన రిబ్బన్‌ను స్వయంగా ఓరిన్ దుప్పటికి పిన్నుతో గుచ్చారు. కమిషనర్‌ది పెద్ద మనసు. ఓడినందుకు బాధపడలేదు.

"మరి ఆ మిషను?" వెర్నా అడిగింది.

"వచ్చే ఏడు మిమ్మల్ని గెలవనిస్తామా పిన్నీ? మూడంతస్తుల ఫోను చేయిస్తున్నాం."

పై నెల నుంచి సర్‌చార్జీ రెండు డాలర్లు.