వాలు రోడ్డులో సహకారం

డ్రైవింగ్ మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారి చేత లైసెన్సు పరీక్ష పూర్తిచేయించి, అటునుంచి అటే మెకానిక్కు దగ్గరికి వెళ్ళి కారు హ్యాండ్‌బ్రేకు బాగుచేయించుకోవాలి. అది పనిచేయడం మానేసి చాలా రోజులైంది. ఆ సంగతి ఎవరి కంటైనా పడితే డ్రైవింగ్ స్కూలు మూతపడుతుంది. స్కూలంటే ఆ ఒక్క కారే మరి.

అత్తగారు నడుపుతుంటే సైకిళ్ళు దాటిపోతున్నాయి. "నిదానమే ప్రధానం అల్లుడుగారూ," అంటూ ఆవిడ ఎత్తు రోడ్డు ఎక్కించింది. ఇంత నిదానంగా వెళ్ళేవాళ్ళ దగ్గర ఏదో ఉండి తీరుతుందని వెనకాల జీపులో వస్తున్న ఇన్‌స్పెక్టరుకు అనుమానం వచ్చింది. కారు ఆపించి, దాని వెనకే జీపు నిలిపి కానిస్టేబులుతో కలిసి దిగాడు.

పోలీసులు ఆపితే ఎలా మెలగాలో శిష్యులకు పాఠం చెప్పేది మాస్టారే. చెప్పింది చెయ్యి, చెప్పనిది చెయ్యకు. అత్తగారు శ్రద్ధగల శిష్యురాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజను ఆపింది. "చేతులెత్తండి!" అని ఇన్‌స్పెక్టరు అనగానే చేతులతోపాటు పెడళ్ళ మీంచి కాళ్ళు కూడా ఎత్తేసింది. కారు వెనక్కి జారబోయింది. నేర్పేవాడి కోసం పక్క సీటు దగ్గర బిగించిన రెండో బ్రేకును మాస్టారు ఎత్తిన చేతులతోనే గబుక్కున తొక్కిపట్టాడు.

"కాగితాలు తియ్!" అన్నాడు కానిస్టేబులు.

మాస్టారు చెయ్యి దించాడు.

"చెయ్యి దించావంటే ఊరుకోను!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మాస్టారు మళ్ళీ ఎత్తాడు.

"కాగితాలడిగితే చేతులెత్తుతాడేంటి! కిందికి దిగు!" అని గదిమాడు కానిస్టేబులు.

"దిగలేను సార్. నేను దిగితే కారు మీ మీదికొస్తుంది."

"బెదిరిస్తున్నాడు సార్!" అన్నాడు కానిస్టేబులు.

మాస్టారికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసలు కారణం చెబితే స్కూలు పోతుంది, చెప్పకపోతే వీపు పోతుంది. కారు జారకుండా కనీసం గేరైనా వేద్దామని చెయ్యి చాపాడు. ఆయుధం తీస్తున్నాడనుకుని కానిస్టేబులు లాఠీతో మోచేతి మీద ఒకటిచ్చాడు. పాపం, ఎంత సహకరిస్తే అంత వడ్డన.

"కొట్టకండి నాయనా, ఆయన చెప్పిన మాట వింటాడు," అని అత్తగారు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి బతిమాలింది.

"మీరు మాట్లాడకండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆవిడ నోరు మూసుకుంది.

ఇద్దరూ కలిసి మాస్టారిని కాలరు పట్టుకుని లాగారు. ఆయనతోపాటు బ్రేకు మీది కాలూ వచ్చేసింది. కారు వెనక్కి జారి జీపును మెల్లగా తాకింది. కానిస్టేబులు దిగగానే అలవాటుగా జీపు చక్రం కింద దోపిన రాయి ఆ అదురుకి పక్కకు దొర్లింది. జీపు ఎవరి అనుమతీ అడక్కుండా కిందికి బయలుదేరింది.

పోలీసులిద్దరూ పరుగెత్తి దాని వెనక భుజాలు ఆన్చారు. మాస్టారు చేతులెత్తి నిలబడే ఉన్నాడు.

"చూస్తావేంటయ్యా, వచ్చి పట్టు!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

"చేతులు దించొచ్చా సార్?"

"దించవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతా!"

ముగ్గురూ కలిసి పడితే జీపు ఆగింది. రాయి మళ్ళీ చక్రం కిందికి చేరింది. కారు ఏమైందోనని మాస్టారు గుండె చిక్కబట్టుకుని చూస్తే, అత్తగారు ఎవరూ చెప్పకుండానే బ్రేకు తొక్కి కూర్చుంది. వెనక్కి జారే కారును ఆపడం ఆవిడకి అదే మొదటిసారి. ఆయనకు కళ్ళనీళ్ళొచ్చాయి.

"మీ బండికి హ్యాండ్‌బ్రేకు లేదా నాయనా?" అంది ఆవిడ కిటికీలోంచి.

ఇన్‌స్పెక్టరు మాస్టారి వైపు చూశాడు. "మీదానికుందా?"

మాస్టారు నేల చూపులు చూశాడు. ఇన్‌స్పెక్టరు దగ్గరకొచ్చి ఆయన కాలరు తనే సర్దాడు. "వెళ్ళండి, పరీక్షకు ఆలస్యమవుతుంది," అన్నాడు ఎంతో మర్యాదగా.

డ్రైవరు పూర్తిగా సహకరించాడనీ, ఎదురుతిరిగింది జీపు ఒక్కటేననీ, దాని మీద అవసరమైనంత బలమే వాడామనీ సాయంత్రానికి రిపోర్టు పైకి వెళ్ళింది.