అత్తగారికి మెత్తటి బన్నులు

సాయంత్రం బండికి అత్తగారు వికారాబాదు నుంచి దిగేసరికి ఇంట్లో వేడి వేడి బన్నులు సిద్ధంగా ఉండాలని చంద్రప్ప ఆ పొద్దున నిశ్చయించుకున్నాడు. కిందటిసారి శంకరమ్మ తాండూరు వచ్చినప్పుడు ఆమె ముందు జొన్నరొట్టె పెట్టారు. నోట్లో పన్ను లేని ఆవిడ దాన్ని కాసేపు చప్పరించి, "అల్లునికి నేనొచ్చుడు ఇష్టం లేదు" అని తేల్చి, మరుసటి బండికే వెళ్లిపోయింది. అప్పటి నుంచి కాశమ్మ మొగుడితో మాట్లాడేది ఇంట్లో ఉప్పో పప్పో నిండుకున్నప్పుడే.

బన్నుల సంగతంతా చంద్రప్ప తాండూరు స్టేషను దగ్గర రొట్టెలు కాల్చే కరీంను అడిగి తెలుసుకున్నాడు. మైదా, పాలు, చక్కెర, వెన్న అన్నీ కుదిరాయి. పిండి పొంగాలంటే మాత్రం కాస్త కల్లు పోయాలన్నాడు కరీం. చంద్రప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. కల్లు తాగితే కొంప కూలుతుందని చావడి దగ్గర ఊరందరికీ చెప్పేది ఆయనే మరి.

"తాగేటందుకు గాదు గదా! పోయి తే" అంది కాశమ్మ.

తలపాగా ముఖం మీదికి లాక్కుని వెళ్లి, కల్లు చెంబు తుండుగుడ్డ కింద దాచుకుని వస్తుంటే పక్కింటి బాలప్ప ఎదురుపడి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందన్నా, గీ వాసన?"

"మందులకు! ఇంట్ల పానం బాగలేదు."

"ఎవరికి?"

అబద్ధాలు అలవాటు లేని మనిషి. నోటికి వచ్చిన పేరు చెప్పేశాడు. "మా అత్తమ్మకు. రాత్రే వచ్చింది."

చలికాలం కావడంతో కలిపిన పిండిని గుడ్డలో మూటగట్టి, కుంపటి పక్కన మంచం మీద పెట్టి, పైన గొంగడి కప్పారు. బండి వచ్చే వేళకు కాస్త ముందు గొంగడి మనిషి పడుకున్నంత ఎత్తు లేచింది. సరిగ్గా అప్పుడే బాలప్ప భార్య రామమ్మ అల్లం కషాయం పట్టుకుని వచ్చింది.

"పండుకున్నది, లేపకు" అని చంద్రప్ప అడ్డుపడేలోపే ఆమె గొంగడి మీద చెయ్యి వేసింది. చెయ్యి లోపలికి దిగిపోయింది. ఫుస్సుమని పుల్లటి గాలి పైకి తన్నింది.

"అయ్యో! కడుపు ఉబ్బింది, పానం పోయింది!"

ఆ కేకకు వాడంతా వచ్చి పడింది. వంటింట్లో కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే, ఆమె భుజాల కదలిక చూసి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "కల్లు తాపి సంపిండట" అని ఎవరో అన్నారు. చంద్రప్పకు అదేదీ వినబడలేదు. కుంగిపోయిన గొంగడిని చూస్తూ తల పట్టుకుని కూలబడ్డాడు. "ఎంత ఆశపడితి! చేతికొచ్చినంక గిట్లాయె గదా!"

బండి దిగి వచ్చిన శంకరమ్మ గుంపును చూసి వాకిట్లోనే ఆగింది.

"ఎవరు పోయిండ్రు?"

"చంద్రప్ప అత్త. పాపం, అల్లుడు జూడు, ఎట్ల ఏడుస్తున్నడో!"

శంకరమ్మ చూసింది. తన కోసం ఇంతగా ఏడ్చిన మనిషిని ఆవిడ జన్మలో చూడలేదు. గుంపును తోసుకుంటూ వెళ్లి ఆ మంచం మీదే చతికిలబడింది. పిండిలో మిగిలిన గాలి కూడా పెద్ద శబ్దంతో పోయింది.

"అత్తమ్మా!" అని చంద్రప్ప అరిచాడు. చచ్చినావిడే లేచి కూర్చుందనుకుని రామమ్మ కషాయం అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆమె వెనకే వాడ వాడంతా.

అసలు సంగతి అందరికీ చెప్పేసరికి చీకటి పడింది. అణిగిన పిండినే ఉండలు చేసి, మూకుడు కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాల్చారు. బన్నులు దూదిలా వచ్చాయి. శంకరమ్మ ఒకదాన్ని పాలలో ముంచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"నేను సస్తె గింత ఏడుస్తవని తెల్వకపాయె అల్లుడా! ఈసారి నెల దాక ఉంట."

ఏడ్చింది పిండి కోసమని చెబుదామని చంద్రప్ప నోరు తెరిచాడు. కాశమ్మ అందులో ఒక బన్ను కుక్కింది.

ఆ వారమంతా తాండూరు మగవాళ్లు చెంబులు పట్టుకుని, బన్నుల కోసమేనని ఇంట్లో చెప్పి, కల్లు దుకాణానికి బారులు తీరారు. బన్నులు మాత్రం ఒక్క ఇంట్లోనూ కాలలేదు.