రెప్పల మీద కళ్ళు

ఒక పెద్ద అడవిలో, ఆ అడవి కంటే పెద్ద బోర్డు పెట్టుకుని ఒక లారీ ఆఫీసు ఉండేది. దాని ఓనరు తోడేలు త్రిమూర్తులు. అక్కడి లారీలకి ఇంజిన్ ఉండదు. ముందు ఒక దున్నపోతు ఉంటుంది. ఇంజినూ అదే, డ్రైవరూ అదే. డీజిల్ అయిపోయే గొడవే లేదు. నిద్ర చాలని గొడవ ఉంది గానీ, అది ఓనరుకి కాదు.

గవరయ్య అనే దున్నపోతుకి మాత్రం ఆ గొడవ కొమ్ముల దాకా వచ్చింది. ఈమధ్యే సింహాచలం అనే అతని బావమరిది ఘాట్ మలుపులో కునుకుతీసి, లారీతో సహా లోయలోకి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కబురు తెలియగానే త్రిమూర్తులు గుండె పట్టుకుని, "అయ్యయ్యో, పనసకాయలెలా ఉన్నాయి?" అన్నాడు.

ఆ ఘాట్ దిగగానే కుందేళ్ళ బడి. గవరయ్య భయమంతా దాని గురించే. తను లోయలో పడితే పడొచ్చు. రెప్ప వాలిన క్షణంలో ఒక కుందేలు పిల్ల అడ్డమొస్తే?

"బాబూ, ఒక్క పూట పడుకుంటాను. కళ్ళు మూసుకుపోతన్నాయి," అని బతిమాలాడు.

"టీ తాగు. మిరపకాయ నములు. పాట పాడు," అన్నాడు సూపర్‌వైజర్ కోతి.

"అన్నీ అయిపోనాయి. పాట పాడుతూనే నిద్దరోయాను. చరణానికొచ్చేసరికి గురకంట."

త్రిమూర్తులు ప్రేమగా వీపు నిమిరాడు. "ఏవయ్యా గవరయ్యా, మనమంతా ఒకే కుటుంబం కదా!"

"కుటుంబాల్లో పడుకుంటారు కదేటి బాబూ?"

"కుటుంబం నచ్చకపోతే చెప్పు. బయట గాడిదలు లైన్లో ఉన్నాయి."

గవరయ్య నోరు మూసుకున్నాడు. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

అసలు చిక్కు అక్కడే. సింహాచలం పడ్డాక అడవి పంచాయతీ కొత్త రూలు తెచ్చింది. డ్రైవర్ కళ్ళు మూసి కనబడితే ఓనరు లైసెన్సు రద్దు. చెక్‌పోస్టులో తాబేలు ఆఫీసరు డిప్పలోంచి తల బయటపెట్టి, డ్రైవర్ కళ్ళు చూసి, మళ్ళీ తల లోపలికి లాక్కుంటాడు. రూల్లో కళ్ళున్నాయి. నిద్ర లేదు.

కోతి తోక మీద తోక వేసుకుని ఆలోచిద్దామనుకున్నాడు. ఉన్నది ఒకటే తోక కాబట్టి తొందరగా తేలిపోయింది. లారీల వెనక తామరపూల బొమ్మలేసే చిలకమ్మని పిలిపించి, గవరయ్య రెప్పల మీద రెండు కళ్ళు వేయించాడు. తెల్లగుడ్డు, నల్లగుడ్డు, మూలన కాస్త ఎర్రజీర. చిలకమ్మ చెయ్యి ఊరుకోక కాటుక కూడా దిద్దింది.

"ఓ గవరయ్య మావా! ఈ కాటుక కళ్ళు మీ ఆవిడ చూస్తే అనుమానపడిపోద్ది!" అంది చిలకమ్మ.

గవరయ్య వినలేదు. అప్పటికే పెద్ద పెద్ద కళ్ళేసుకుని నిద్రపోతున్నాడు.

చెక్‌పోస్టులో తాబేలు ఆ కళ్ళు చూసి మురిసిపోయాడు. ఎంత మెలకువ! వెంటనే త్రిమూర్తులికి రోడ్డు భద్రతా పురస్కారం ప్రకటించేశాడు. సన్మానం కుందేళ్ళ బడిలో.

ఆ రోజు పొద్దున్నే గవరయ్య సరుకు దింపి వచ్చాడు. మళ్ళీ బడికి బండి కట్టమనగానే బతిమాలాడు. "వేరే వాళ్ళని పంపండి బాబూ. అక్కడ పిల్లలుంటారు."

"అవార్డు తెచ్చిన కళ్ళు నీవేగా! నీ బండిలోనే వెళ్ళాలి," అన్నాడు త్రిమూర్తులు. పట్టు కండువా వేసుకుని, కోతితో సహా ఎక్కాడు. తన లారీ తను ఎక్కడం అదే మొదటిసారి.

ఘాట్ దిగుతుండగా త్రిమూర్తులు మెచ్చుకున్నాడు. "ఏం ఏకాగ్రతరా! రెప్ప కూడా వెయ్యట్లేదు."

"మన ట్రైనింగ్ సార్," అన్నాడు కోతి.

"ఆ గుర్రుమనే శబ్దమేంటి?"

"ఇంజిన్ సార్."

"మన లారీకి ఇంజిన్ లేదు కదరా!"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. కోతి రంగు కళ్ళ సంగతి కక్కేశాడు. కింద రోడ్డుకి రెండు వైపులా కుందేలు పిల్లలు జెండాలూపుతూ, "డ్రైవర్ మావయ్య మనల్నే చూస్తన్నాడు!" అని ముందుకొస్తున్నారు.

"గవరయ్యా! లేవయ్యా! నీకు సెలవిస్తానయ్యా!" అని అరిచాడు త్రిమూర్తులు. జీవితంలో మొదటిసారి ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. వినాల్సినవాడు నిద్రలో ఉన్నాడు.

దున్నపోతు నిద్రపోయినా ముక్కు నిద్రపోదు. బడికి కాస్త ఇవతల బురదగుంట ఉంది. చల్లటి బురద వాసన తగిలింది. గవరయ్య కాళ్ళు వాటంతటవే పక్కకి తిరిగాయి. లారీ, ఓనరు, కోతి, కండువా, అంతా బుడుంగ్!

పిల్లలు చప్పట్లు కొట్టారు. సన్మానం ఇలాగే చేస్తారేమో అనుకున్నారు.

సన్మానానికొచ్చిన తాబేలు ఆఫీసరు గుంట ఒడ్డుకొచ్చి తల బయటపెట్టాడు. "డ్రైవర్ నిద్రపోయాడా?"

త్రిమూర్తులు బురద ఉమ్మి ఆలోచించాడు. నిద్రపోయాడంటే రంగు కళ్ళు బయటపడతాయి, లైసెన్సు పోతుంది. "ఛఛ, మెలకువగానే ఉన్నాడండి! నేనే ఇక్కడ ఆపమన్నా. ఇది... మా డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే చోటు."

"ఆహా! అయితే బోర్డు పెట్టించండి. ఇకనుంచి ఏ లారీ అయినా ఇక్కడ ఆగి, డ్రైవర్ తృప్తిగా పడుకుని లేచాకే కదలాలి. తప్పితే లైసెన్సు రద్దు!"

అప్పుడు గవరయ్య అసలు కళ్ళు తెరిచాడు. ఉలిక్కిపడి ముందు రోడ్డు వైపు చూశాడు. పిల్లలందరూ గెంతుతున్నారు. హమ్మయ్య అనుకుని, "దిగుతారా బాబూ?" అన్నాడు.

మెడ దాకా దిగిపోయి ఉన్న త్రిమూర్తులు పళ్ళు నూరాడు. "పడుకో గవరయ్యా. రూలు."

నీతి: డ్రైవర్‌కి కంటినిండా నిద్ర దొరకాలంటే, ఒక్కసారి ఓనరుని తన బండే ఎక్కించాలి.